పంటి బిగువు

సంక్రాంతికి మా మనవరాలు హైదరాబాదు నుంచి దిగింది. కాళ్ళు కడుక్కుని కూర్చుందో లేదో వాళ్ళ బామ్మ జంతికల డబ్బా తెచ్చి ముందు పెట్టింది. చిన్నప్పుడు ఆ పిల్ల జంతికల్ని ఉంగరాల్లా వేళ్ళకు తొడుక్కుని ఒక్కో చుట్టూ కొరుక్కు తినేది. అలాంటిది ఒకటి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ డబ్బాలో పెట్టేసింది.

"ఏమే, నూనె వాసన వస్తోందా?" అంది బామ్మ. ఆవిడకు ముందు తన వంట మీదే అనుమానం.

"కాదు బామ్మా. నోరు సరిగ్గా తెరుచుకోవట్లేదు. గట్టివి నమిలితే చెవి దగ్గర పోటు."

దసరా నుంచీ ఇదే వరసట. మొదట చెవిపోటు అనుకుని చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన లైటు వేసి చూసి, చెవి శుభ్రంగా ఉంది పొమ్మన్నాడు. తర్వాత పిప్పిపన్నేమోనని పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఎక్స్‌రేలో పళ్ళూ బాగానే ఉన్నాయి. ఆవిడ చెంపలూ కణతలూ నొక్కి చూసి, ఇది దవడ కీలూ దాని కండలూ పెట్టే నొప్పి అని చెప్పి, ఫిజియోథెరపీకి వెళ్ళమని చీటీ రాసిచ్చింది. మా పిల్ల ఆ చీటీని పర్సులో పెట్టుకుని మూడు నెలలుగా తిరుగుతోంది.

"మోకాలికి ఫిజియోథెరపీ విన్నాను గానీ, మూతికి కూడా ఉంటుందా తాతయ్యా?"

ముప్పై ఏళ్ళు హైస్కూల్లో నేచురల్ సైన్సు చెప్పినవాణ్ణి. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు కన్నా ముందు ప్రయోగం చేయించడం నాకు జబ్బు. "అమ్మడూ, చూపుడు వేలు చెవి ముందు పెట్టు. చెవి కన్నానికి చిన్న మెత్తటి తలుపులాంటి ముక్క ఉంటుంది చూడు, దానికి కాస్త ముందు. ఇప్పుడు మెల్లగా నోరు తెరువు" అన్నాను. మీరూ చేసి చూడండి, ఖర్చు లేని పని. మొదట వేలి కింద గుండ్రటిదేదో తిరుగుతుంది. నోరు ఇంకా తెరిచేసరికి ఆ గుండు ముందుకు జారిపోతుంది, అది ఉన్నచోట గుంట పడుతుంది. మూస్తే మళ్ళీ వచ్చి గుంటలో కూర్చుంటుంది.

మోచెయ్యి తలుపు బందులాగా మడతపడుతుంది, అంతే. దవడ కీలు మాత్రం తలుపులా తిరుగుతుంది, సొరుగులా ముందుకూ జారుతుంది. పైగా కింది దవడ ఒకటే ఎముక, దానికి కుడివైపొకటీ ఎడమవైపొకటీ రెండు కీళ్ళు. కావడి బద్దకు రెండు కొసల్లాగా. ఒక కొస కదిలితే రెండోది ఊరుకోదు. కుడివైపు పన్ను నొప్పెట్టి నెలల తరబడి ఎడమవైపే నమిలినవాళ్ళకు చివరికి ఏ వైపు నొప్పి వస్తుందో వాళ్ళకే అంతుపట్టదు.

"మరి నోరు తెరిస్తే టక్ టక్ మంటుందేం?"

దానికి బామ్మనే సాక్ష్యం పిలిచాను. పూర్వం చెరువు నుంచి బిందె నెత్తిన పెట్టుకుని వచ్చేటప్పుడు తలకూ బిందెకూ మధ్య గుడ్డ చుట్టి పెట్టుకునేది, చుట్టకుదురు. మధ్యలో పల్చగా, అంచుల్లో మందంగా ఉండేది. దవడ గుండుకూ పుర్రె గుంటకూ మధ్య సరిగ్గా అలాంటి బిళ్ళే ఒకటి ఉంది. గుండు ఎటు జారితే బిళ్ళా దానితోపాటు జారాలి. కొందరిలో బిళ్ళ కాస్త ముందుకు తప్పుకుని కూర్చుంటుంది. నోరు తెరిచినప్పుడు గుండు దాని మందపాటి అంచు ఎక్కి మళ్ళీ మధ్యలో కుదురుకుంటుంది. ఆ ఎక్కడంలో వచ్చే చప్పుడే ఈ టక్. నొప్పి లేని టక్ చాలామందికి ఉంటుంది. దానికి మందూ లేదు, అవసరమూ లేదు. గుండు అంచు ఎక్కలేక ఆగిపోతేనే చిక్కు. అప్పుడు నోరు సగంలో ఇరుక్కుంటుంది.

"అంటే నా బిళ్ళ తప్పుకుందా?"

"తప్పుకుందో లేదో నీ ఫిజియోథెరపిస్టు చూస్తుంది. కానీ నీ నొప్పిలో పెద్దవాటా బిళ్ళది కాదనిపిస్తోంది. రెండు రోజులు నిన్ను గమనించాక చెప్తాను."

ఈలోగా చెవి సంగతి. దవడ నొప్పి చెవిలో ఎందుకు తెలుస్తుంది? సులువైన జవాబేమంటే, దవడ కీలుకూ చెవి ముందు భాగానికీ కబురు మోసే నరం ఒకటే. మొహం మొత్తానికి స్పర్శ మోసే త్రిధార నాడి కొమ్మ అది. ఒకే తీగ మీద రెండిళ్ళ కాలింగు బెల్లు ఉంటే ఎవరింటికి వచ్చారో తెలియనట్టు, మెదడు పొరబడుతుంది. పంటి నొప్పి సంగతీ అంతే. చెంప కండలో నొప్పి పుడితే వెనక పళ్ళలో సలిపినట్టు ఉంటుంది. ఇరవై ఏళ్ళ కిందట ఇలాంటి సలుపుకే మా ఆవిడ ఒక పళ్ళ డాక్టరు దగ్గర నిక్షేపంలాంటి దంతం పీకించుకుంది. నొప్పి వారం రోజులు ఊరుకుని పక్క పంట్లోకి మకాం మార్చింది. రెండో పన్ను పీకించకుండా ఆపిన పుణ్యం మాత్రం నాదే. ఆ సంగతి ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు.

ఇంకా వెనక్కి వెళ్తే ఒక పాత చుట్టరికం బయటపడుతుంది. మా వరండా గోడ మీది బల్లికి చెవిలోపల ఉండేది ఒకే ఎముక. మనకు మూడు: సుత్తి, దాగలి, అంకవన్నె. మిగతా రెండూ ఎక్కణ్ణుంచి వచ్చాయి? సరీసృపాల్లో దవడను పుర్రెకు తగిలించే రెండు ఎముకలు, క్షీరదాల వంశం సాగుతున్న కోట్ల ఏళ్ళలో, చిక్కి చిక్కి చెవిలోకి చేరి సుత్తీ దాగలీ అయ్యాయి. తల్లి కడుపులో పిండం ఎదిగే తీరు చూసి జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ రైషర్ట్ 1837లోనే ఈ పోలిక పట్టుకున్నాడు. పాత బందు చెవికి పోయింది గనక దవడకు కొత్త బందు కావలసి వచ్చింది. ఇప్పుడు మీ వేలి కింద జారుతున్నది ఆ కొత్త బందే. మన ప్రాణహిత గోదావరి లోయలో కోట అనే పేరున్న శిలల్లో తొలినాటి క్షీరదాల పళ్ళు దొరికాయి, మిల్లీమీటర్లలో కొలిచేంత చిన్నవి. అవే శిలల్లో దొరికిన కోటసారస్ అనే డైనోసారును హైదరాబాదులో బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. పిల్లలంతా ఆ భారీకాయం ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. ఆ బుల్లి పళ్ళ వాటాదారులం మనం అని ఎవరూ చెప్పరు వాళ్ళకు.

హనుమంతుడి పేరులో ఉన్నదీ దవడే. హనువు అంటే దవడ. సూర్యుణ్ణి పండనుకుని ఎగిరితే ఇంద్రుడు వజ్రాయుధంతో కొట్టాడు, దవడ విరిగింది, పేరు మిగిలింది. ఎడమ దవడ అని వాల్మీకి వివరంగా చెప్పాడు కూడా.

మా మనవరాలి దవడ మీద మాత్రం వజ్రాయుధం పడలేదు.

కనుమ వెళ్ళాక రెండు రోజులు ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంది. వరండాలో కుర్చీ వేసుకుని పేపరు అడ్డం పెట్టుకుని నేను గమనించాను. లాప్‌టాప్ ఒళ్ళో ఉంది. మెడ తాబేలులా ముందుకు సాగింది. కాల్‌లో ఎవరో ఏదో అడుగుతున్నారు, ఈ పిల్ల వింటోంది. వింటున్నంతసేపూ చెవితమ్మెకు కింద, చెంప వెనక భాగంలో, ఉసిరికాయంత కండ లేస్తోంది, పడుతోంది. కణత దగ్గర కూడా సన్నగా అదురుతోంది. నోట్లో తిండి లేదు, మాటా లేదు. ఊరికే పళ్ళు నొక్కుతోంది. నేను గడియారం పెట్టి చూశాను. పది నిమిషాల్లో ఆ కండ లేవని నిమిషం ఒకటో రెండో.

ఆ కండ పేరు మాసెటర్, నమిలే కండ. మనిషి గట్టిగా కొరికితే వెనక పళ్ళ మధ్య యాభై అరవై కిలోల బలం పడుతుంది, మరి అంత పనివాడు. కానీ వాడికి పని తక్కువ, విశ్రాంతి ఎక్కువ ఉండాలన్నది శరీరం చేసుకున్న ఒప్పందం. పై పళ్ళూ కింది పళ్ళూ రోజంతటిలో ఎంతసేపు తాకుతాయంటారు? తిండీ మింగడం అన్నీ కలుపుకున్నా సుమారు ఇరవై నిమిషాలేనని ఓ పాత లెక్క ఉంది. మిగతా ఇరవై మూడు గంటల నలభై నిమిషాలూ పెదవులు మూసి ఉన్నా లోపల పళ్ళ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉండాలి. నోరు మూసుకోవడమంటే పళ్ళు మూసుకోవడమని మనలో చాలామంది అనుకుంటారు. నేనూ డెబ్బై ఏళ్ళ దాకా అలాగే అనుకున్నాను.

అసలు మన భాషే పళ్ళు నొక్కమంటుంది. కష్టం వస్తే పంటి బిగువున భరించాలి. కోపం వస్తే పళ్ళు పటపట కొరకాలి. ఏడుపొస్తే పళ్ళు బిగపట్టాలి. మెత్తగా నొక్కినా సరే, గంటల తరబడి నొక్కితే కండలో రక్తం ఆడదు, గట్టిపడుతుంది, సలుపుతుంది. ఖాళీ బకెట్టయినా చెయ్యి చాపి గంటసేపు పట్టుకుంటే భుజం ఏమవుతుంది? అంతే. పరీక్షలప్పుడూ ప్రాజెక్టు గడువులప్పుడూ దవడ నొప్పులు ఎక్కువయ్యేది అందుకే. ఆడవాళ్ళలో ఈ నొప్పి ఎక్కువ. కారణాలు పలురకాలుగా చెప్తారు గానీ, పంటి బిగువు వాళ్ళ వాటాకు ఎక్కువ పడిందన్నది నా సొంత అనుమానం.

"అమ్మడూ, 'అమ్మ' అను" అన్నాను.

"అమ్మ."

"మళ్ళీ అను, 'మ్మ' దగ్గర ఆగిపో. ఆ... అలాగే. పెదవులు కలిశాయా? పళ్ళు?"

"తాకలేదు!" ఆ మొహం చూడాలి మీరు, అదేదో గారడీ చేసినట్టు. "ఇలాగే ఉండాలా? నాకు నోరు వేలాడిపోయినట్టుంది తాతయ్యా."

"నాలుక కొసను పైన అంగిట్లో ఆనించు. 'న' పలికే చోటుకు కాస్త వెనక, 'ణ' పలికే చోటుకు చాలా ముందు. నొక్కకు, ఆనించు చాలు. ఇప్పుడు ముక్కుతో ఊపిరి తీసుకో."

నాలుక అక్కడ ఆనితే దవడ తనంతట తానే దిగుతుంది. బండివాడు ఎద్దుల్ని అదిలిస్తూ నాలుకతో 'టక్' మనిపిస్తాడు చూడండి, ఆ టక్ మొదలయ్యే ముందు నాలుక ఉండే చోటు ఇంచుమించు అదే.

చెప్పడం తేలిక, గుర్తుండటమే కష్టం. నొక్కుతున్నట్టు నొక్కేవాళ్ళకు తెలియదు గదా. దీనికి బామ్మ మందు కనిపెట్టింది. తన బొట్టుబిళ్ళల అట్ట తెచ్చి లాప్‌టాప్ మూల ఒకటి, ఫోను వెనక ఒకటి, అద్దం మీద ఒకటి, ఆఖరికి కాఫీ కప్పు చెవికి ఒకటి అంటించింది. ఎర్రబిళ్ళ కనిపించినప్పుడల్లా ఒకసారి పళ్ళు చూసుకోవాలి, నొక్కి ఉంటే వదలాలి, భుజాలు దించాలి. అంతే పని. పెద్ద ఆసుపత్రుల్లో దీన్నే అలవాటు మార్పిడి అంటారు, కాలర్ ఎగరేసి చెప్తారు. మా ఇంట్లో రెండు రూపాయల బిళ్ళల్తో అయిపోయింది. మొదటి రోజు బిళ్ళ చూసిన ప్రతిసారీ పళ్ళు నొక్కే ఉన్నాయట. "నేను దొంగని పట్టుకున్నా, దొంగ నేనే" అంది రాత్రి భోజనాల దగ్గర.

ఆ రాత్రి నుంచే కాపడం. రాళ్ళ ఉప్పు పెనం మీద వేయించి గుడ్డలో మూటకట్టి, మోచేతి లోపలివైపు తాకించి వేడి చూసుకుని, రెండు చెంపలకూ పది పదిహేను నిమిషాలు. వేడికి కండ వదులవుతుంది, రక్తం ఆడుతుంది. షుగరుతో స్పర్శ తగ్గినవాళ్ళు వేరేవాళ్ళ చేత వేడి చూపించుకోవాలి, లేకపోతే చర్మం కాలినా తెలియదు. దెబ్బ తగిలి కొత్తగా వాచిన దవడకైతే వేడి కాదు, చల్లటిది పెట్టాలి. కాపడం అయ్యాక మూడు వేళ్ళతో చెంప ఎముక కింది నుంచి దవడ మూల దాకా గుండ్రంగా, నెమ్మదిగా రుద్దుకోవడం. బామ్మ కొబ్బరినూనె రాయమంది. రాస్తే వేలు జారుతుంది, అంతకన్నా మహిమ లేదు. ఆ మాట నేను పైకి అనలేదు.

తిండి విషయంలో బామ్మ అతి చేసింది, వారం రోజులు జావే పోస్తానంది. నొప్పి మండిపోతున్న నాలుగు రోజులు మెత్తటివి తినాలి, నిజమే. కానీ నెలల తరబడి జావ తాగితే ఆ కండ నీరసపడి, ఆనక ఇడ్లీకి కూడా నొస్తుంది. కాబట్టి పప్పన్నం, ఉడికిన కూర, చిన్న ముక్కలు, రెండు వైపులా నమలడం. చెరకు, తేగలు, చెక్కీలు, చూయింగ్ గమ్ కొన్నాళ్ళు పక్కన. జామకాయ కొరక్కుండా కోసుకుని తినాలి. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించి, నోరు మరీ బార్లా తెరవకుండా కాయాలి. చేతి మీద గడ్డం ఆనించుకుని సీరియల్ చూడకూడదు, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించకూడదు, బోర్లా పడుకుని దవడ దిండుకు నొక్కకూడదు. యోగా క్లాసులో సింహాసనం వేస్తున్నవాళ్ళు కూడా కొన్నాళ్ళు ఆ నోరూ నాలుకా చాపడం మానుకోవాలి.

ఇక చీటీ పర్సులోంచి బయటికి రావాలి. హైదరాబాదు వెళ్ళగానే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్తానని మాట తీసుకుని బస్సెక్కించాను. వెళ్ళింది. ఆ రాత్రే వీడియో కాల్ చేసి పూసగుచ్చినట్టు చెప్పింది.

ముందు స్కేలుతో కొలిచారట, పై ముందు పళ్ళకూ కింది ముందు పళ్ళకూ మధ్య. 28 మిల్లీమీటర్లు వచ్చింది. మామూలుగా 40 నుంచి 55 దాకా రావాలి. ఇంట్లో స్కేలు అక్కర్లేదు, మన మూడు వేళ్ళు నిలువుగా పడితే సరిపోయినట్టే. మా పిల్లకు రెండు కష్టంగా పట్టేవి. తర్వాత అద్దం ముందు నోరు తెరిపిస్తే దవడ కిందికి తిన్నగా దిగకుండా ఎడమవైపు వంకర తిరిగి దిగుతోందట. ఆ తర్వాత గ్లవ్ తొడుక్కుని బొటనవేలు చెంప లోపల పెట్టి, బయట వేళ్ళతో ఆ ఉసిరికాయ కండను పట్టుకుని నొక్కిపెట్టిందట ఆవిడ. "ప్రాణం పోయింది తాతయ్యా. అర నిమిషానికి మంచుగడ్డ కరిగినట్టు వదిలింది." చివర్లో వెనక కింది పళ్ళ మీద బొటనవేలు ఆనించి దవడను మెల్లగా కిందికి లాగి పట్టుకుంది. కీలులో చోటు చేయడానికి.

ఇది కొత్త విద్యేమీ కాదు. జారిన దవడను నోట్లో బొటనవేళ్ళు పెట్టి కిందికీ వెనక్కీ నెట్టి కూర్చోబెట్టే పద్ధతి ఈజిప్టులో దొరికిన ఎడ్విన్ స్మిత్ పపైరస్ అనే వైద్య గ్రంథంలో ఉంది. ఆ రాత ప్రతి క్రీస్తుకు పూర్వం 1600 ప్రాంతానిది.

అక్కడి నుంచి ఈ మధ్యకాలానికి వచ్చేసరికే వైద్యం దారి తప్పింది. 1934లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జేమ్స్ కోస్టెన్ అనే చెవి ముక్కు గొంతు డాక్టరు పదకొండు మంది రోగుల గురించి రాశాడు. వెనక పళ్ళు పోవడంతో దవడ ఎక్కువగా మూసుకుపోయి చెవి దగ్గర నరాల్ని నొక్కుతోందన్నాడు. దాంతో కొన్ని దశాబ్దాలు అందరి చూపూ పళ్ళ మీదికే పోయింది. పళ్ళు అరగదీసి కాటు సరిచేద్దాం, ఎత్తు పెంచుదాం. ఆయన చెప్పిన నొక్కుడు శరీర నిర్మాణానికి పొసగదని తర్వాత తేలింది. 1980లలో అమెరికాలో ఇంకో అడుగు వేశారు. అరిగిన బిళ్ళ తీసేసి టెఫ్లాన్ కలిపిన కృత్రిమ బిళ్ళలు పెట్టారు. అవి లోపల పొడిపొడిగా రాలి, ఒళ్ళు వాటి మీద తిరగబడి, పక్క ఎముకనే కొరుక్కు తింది. 1990ల మొదట్లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాటిని వెనక్కి రప్పించింది. చుట్టకుదురు నలిగిందని తల తీసి కొత్తది పెట్టినట్టయింది ఆ వ్యవహారం.

ఇప్పటి మాట వేరు. 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో, మూడు నెలలు దాటిన దవడ నొప్పికి ఏం చేయాలో ఒక బృందం మార్గదర్శకాలు రాసింది. వైద్యులతోపాటు రోగులూ కూర్చున్న బృందం అది. వాళ్ళు గట్టిగా చెయ్యమన్నవన్నీ సాదాసీదా పనులు: దగ్గరుండి నేర్పించే దవడ వ్యాయామాలు, సాగదీతలు, మెడా వెన్నూ నిలబెట్టే వ్యాయామాలు, కీలును చేత్తో కదిలించడం, కండలోని ముడుల్ని నొక్కి వదిలించడం, ఆందోళనను మాటల ద్వారా పట్టుకుని మార్చుకునే చికిత్స, ఇంట్లో చేసుకునే సాధన. పళ్ళ స్థితిని శాశ్వతంగా మార్చేసే తొడుగులూ, బిళ్ళ తీసేసే ఆపరేషనూ వద్దన్నారు. రాత్రి పెట్టుకునే మామూలు తొడుగును కూడా ఒంటరి మందుగా పెద్దగా మెచ్చుకోలేదు. నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళకు అది పళ్ళు అరిగిపోకుండా కాపాడుతుంది, ఆ మేరకు మంచిదే. కొరకడాన్ని మాత్రం మాన్పించదు. పిల్లలు నిద్రలో పళ్ళు కొరికితే కడుపులో పురుగులని మా అమ్మ ఆముదం పట్టేది. నా చిన్నతనంలో సగం ఆదివారాలు అలా పోయాయి.

మా పిల్లకు ఫిజియోథెరపిస్టు ఇచ్చిన హోంవర్కును నేను ఆరారు లెక్క అంటాను. చిలీ దేశపు ఫిజియోథెరపిస్టు మారియానో రోకబాదో పేరుతో ప్రచారంలో ఉన్న పద్ధతి ఇది. ఆరు వ్యాయామాలు, ఒక్కోటి ఆరు సార్లు, రోజుకు ఆరు విడతలు. గుణిస్తే 216. విని గుండె బేజారు పడకండి, విడతకు రెండు మూడు నిమిషాలే.

నాలుకను అంగిట్లో దాని చోట ఆనించి ముక్కుతో ఊపిరి తీసుకోవడం ఒకటి. నాలుక అక్కణ్ణుంచి కదలకుండానే నోరు తెరిచి మూయడం రెండోది, అన్నిటికన్నా తెలివైనది ఇదే. నాలుక పైన ఉంటే దవడ తలుపులా తిరగగలదు గానీ సొరుగులా ముందుకు జారలేదు. వంకర పోయే దవడకు అద్దం ముందు కూర్చుని తిన్నగా దిగడం నేర్పించడానికి ఇది కొలబద్ద. మూడోదానిలో గడ్డానికి రెండు వేళ్ళు ఆనించి పక్కకీ పైకీ అతి మెత్తగా తోయాలి, దవడ కదలకుండా నిలబడాలి. ఎంత మెత్తగా అంటే, పసిపిల్ల బుగ్గ నిమిరేంత. మా పిల్ల మొదటి వారం కుస్తీ పట్టి నొప్పి పెంచుకుంది.

మిగతా మూడూ మెడకూ భుజాలకూ. దవడకు మెడతో ఏం పని అంటారా? ఇంకో ప్రయోగం. తిన్నగా కూర్చుని పళ్ళు మెల్లగా టిక్ టిక్ మని కలపండి. ఇప్పుడు తల ఎత్తి కప్పు చూస్తూ కలపండి. వెనక పళ్ళు ముందు తాకుతాయి. గడ్డం దించి కలిపితే ముందు పళ్ళ వైపు జరుగుతుంది. తల ఎటు వంగితే దవడ అటు సర్దుకుంటుందన్నమాట. నాలుగైదు కిలోల తలను రోజుకు పది గంటలు లాప్‌టాప్ లోకి దూర్చి పెడితే ఆ కండలన్నీ ఊరికే ఉంటాయా? అందుకని గడ్డాన్ని వెనక్కి లాగి మెడను పైకి సాగదీయడం, భుజం ఎముకల్ని వెనక్కి దగ్గర చేయడం లాంటివి ఇచ్చారు.

రెండు వారాలకు ఫోను చేసి, "తాతయ్యా, ఏం తగ్గలేదు, మానేస్తా" అంది. ఇక్కడే చాలామంది దిగిపోతారు. నొప్పి మూడు నెలలు దాటితే సగం సంగతి కండలో ఉండదు, కాపలాలో ఉంటుంది. కుక్క దొంగను చూసి మొరిగితే కాపలా. ఒకసారి దొంగ పడ్డాక పాలవాణ్ణి చూసినా, పిల్లిని చూసినా, గాలికి గేటు ఊగినా మొరుగుతుంది. దీర్ఘకాలపు నొప్పిలో నరాలది అదే పరిస్థితి, చిన్న కదలికకే పెద్ద కేక. నొప్పి అబద్ధం కాదు, కానీ ప్రతి నొప్పీ లోపలేదో విరిగిందన్న వార్త కూడా కాదు. కుక్కను కొడితే ఊరుకోదు, పాలవాడు రోజూ మెల్లగా వచ్చి పోతుంటే అలవాటు పడుతుంది. వ్యాయామం చేసినప్పుడు కాస్త లాగినట్టుండి కాసేపట్లో సర్దుకుంటే సరే. మర్నాటి దాకా నొస్తే ఎక్కువ చేసినట్టు, సగానికి తగ్గించు. మానకు. ఆరు వారాలు చూసి అప్పుడు నన్ను తిట్టు అన్నాను.

అన్ని దవడ నొప్పులూ బొట్టుబిళ్ళలకు లొంగవు, ఇది కూడా మా పిల్లకు చెప్పే పంపాను. మెట్లెక్కితే దవడ లాగి, చెమట పట్టి, ఆయాసమొస్తే అది గుండె కావచ్చు, కాపడాలు పెడుతూ కూర్చోకూడదు, ఆసుపత్రికి పరిగెత్తాలి. యాభై దాటినవాళ్ళకు కొత్తగా కణత నొప్పి, నమిలితే దవడ పట్టేయడం, చూపు మసకబారడం కలిసి వస్తే అదే రోజు డాక్టరును చూడాలి. మొహం మీద కరెంటు షాకు కొట్టినట్టు క్షణక్షణం మెరిసే నొప్పి వేరే జబ్బు, దాని మందు వేరు. జ్వరం, వాపు, మానని పుండు, ఆవలిస్తే మూతపడకుండా ఉండిపోయిన నోరు, ఇవన్నీ డాక్టరు పనే. మన ఊళ్ళలో ఇంకొకటి, గుట్కా, వక్క నమిలేవాళ్ళకు నోరు లోపల తెల్లబారి, మంటపుట్టి, రోజురోజుకూ తెరుచుకోవడం తగ్గిపోతుంది. అది కీలు బిగుసుకోవడం కాదు, చెంప లోపలి పొరే గట్టిపడటం. క్యాన్సరుకు దారితీయగల జబ్బు. మా వీధి చివర కిళ్ళీకొట్టు దగ్గర నిలబడే కుర్రాళ్ళలో ఒకడికి వేలు కూడా పట్టడంలేదని విన్నాను. చెప్పి చూశాను, నవ్వాడు. ఆ నవ్వు కూడా సగమే తెరుచుకుంది.

ఉగాదికి మా పిల్ల రెండున్నర వేళ్ళ దగ్గరుంది. స్కేలులో 35. పచ్చడిలో మామిడి ముక్క నమిలి, నొప్పి కోసం కాసేపు ఎదురుచూసి, రాకపోతే ఆశ్చర్యపోయింది. రాత్రి పడుకునే ముందు చేసే విడత రోజూ ఎగ్గొడుతోందని ఒప్పుకుంది. ఆరారుకు ఐదారు, ఫరవాలేదు.

మే నెలలో ఆవకాయ పెట్టే రోజుకు వచ్చింది. మా ఇంట్లో ఆచారం, కలిపిన గిన్నెలోనే వేడన్నం వేసి, నూనె పోసి, బామ్మ తలా ఒక ముద్ద చేతిలో పెడుతుంది. ఆవిడ ముద్ద సైజు మీకు తెలియదు, నిమ్మకాయంటే చిన్నబుచ్చినట్టు, బత్తాయి అనాలి. సంక్రాంతికి దాన్ని మూడు చేసి తిన్న పిల్ల ఇప్పుడు చెయ్యి చాపి కూర్చుంది. బామ్మ నా వంక చూసింది, చిన్నది చెయ్యమంటారా అన్నట్టు. నేనేం అనలేదు.

నోరు తెరిచింది, ముద్ద పట్టింది. నమలబోతుంటే చెవి దగ్గర టక్ మంది, నాక్కూడా వినపడింది.

"నొప్పా?" అన్నాం ఇద్దరం ఒకేసారి.

నోటినిండా అన్నంతో తల అడ్డంగా ఊపింది. మింగాక "చప్పుడే" అని రెండో ముద్దకు చెయ్యి చాపింది.